పులివేషంతో హైటెక్స్‌కు: సరిహద్దు ఊళ్ల చిన్న సినిమాను కామిక్ కాన్‌లో పరిచయం చేయడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ ఊళ్లలో తెలుగులో సినిమా తీయాలనుకునే కుర్రాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు. తీయడం ఎలాగో తంటాలు పడి పూర్తి చేస్తారు. తీశాక ఎవరికి చెప్పుకోవాలన్నదే తెలియదు. భువనేశ్వర్‌లో తెలుగు సినిమా అంటే పక్క రాష్ట్రం సరుకు. హైదరాబాద్ వెళ్తే మనం ఒడిశావాళ్లం. అవతల మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచలోనో, నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లోనో తీసేవాళ్లదీ ఇదే పరిస్థితి.

ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగని చోటు ఒకటుంది. అదే కామిక్ కాన్, కామిక్ పుస్తకాల, సినిమా పాత్రల అభిమానులు చేరే జాతర. అక్కడికి వచ్చేవాళ్లు కొత్త పాత్రలు, కొత్త లోకాలు చూడటానికే టికెట్ కొనుక్కుని వస్తారు. హాలీవుడ్ స్టూడియోలు దాదాపు యాభై ఏళ్లుగా ఇలాంటి చోట్ల సినిమాలను ముందుగా పరిచయం చేస్తున్నాయి. వాళ్ల పద్ధతుల్లో మన జేబుకు అందేవి ఏవి, వాటిని ఎలా చేయాలి అన్నదే ఈ మార్గదర్శి.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక సినిమా ఊహించుకుందాం. బరంపురం ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి ఒక కుర్రాడు పులివేషం కడతాడు. యాత్ర ముగుస్తుంది, ఒంటి మీద చారలు మాత్రం పోవు. గంటన్నర సినిమా. పేరున్న నటులు లేరు. పబ్లిసిటీకి మిగిలింది అంతంత మాత్రం.

మొదటి మెట్టు: పెద్దవాళ్లు ఏం చేశారో చూడండి

1976లో ‘స్టార్ వార్స్’ తరఫున చార్లెస్ లిప్పిన్‌కాట్ అనే పబ్లిసిటీ మనిషి అమెరికాలోని శాండియాగో కామిక్ కాన్‌కు వెళ్లాడు. చూపించడానికి సినిమా ఇంకా సిద్ధంగా లేదు. స్లైడ్లు వేసి కథ చెప్పాడు. కామిక్ బొమ్మలు గీసే హోవర్డ్ చేకిన్‌తో వేయించిన పోస్టర్ అక్కడ 1.75 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. సినిమా కంటే ముందే నవల వచ్చింది, మార్వెల్ కామిక్ వచ్చింది. 1977 మే 25న సినిమా విడుదలైనప్పుడు తొలిరోజు ఆడింది 32 థియేటర్లలోనే. ఆ కొద్ది థియేటర్ల ముందు నిలబడటానికి ముందే తయారైన జనం ఉన్నారు. చిన్న టీమ్‌కు ఇంతకు మించిన పాఠం నాకు కనబడదు. ట్రైలర్ లేకపోయినా పని జరిగింది. చేతికి ఒక బొమ్మ, చెవికి ఒక కథ అందాయి.

మన దగ్గరి ఉదాహరణ ‘ప్రాజెక్ట్ కె’. 2023 జూలైలో శాండియాగోలో వైజయంతీ మూవీస్ వాళ్లు ఆ సినిమా అసలు పేరు ‘కల్కి 2898 ఏడీ’ అని ప్రకటించి గ్లింప్స్ చూపించారు. ప్రభాస్, కమల్ హాసన్, రానా, దర్శకుడు నాగ్ అశ్విన్ వెళ్లారు. అమెరికా నటుల సంఘం జూలై 14 నుంచి సమ్మెలో ఉండటంతో ఆ సంఘం సభ్యురాలైన దీపికా పదుకొణె వెళ్లలేదు. ఆ ఏడాది చాలా పెద్ద స్టూడియోలు కూడా ముఖం చాటేశాయి. దాంతో మన సినిమా మీద పడిన చూపు మామూలు ఏడాది కంటే ఎక్కువే అని నా అభిప్రాయం. అంతకుముందే వదిలిన ఫస్ట్ లుక్ పోస్టర్‌ను నెట్‌లో జనం ఆడుకున్నారు. గ్లింప్స్ వచ్చాక మాట మారింది.

అయితే నాకు ఆ గ్లింప్స్ కంటే నచ్చింది అంతకు ఆరేడు నెలల ముందు వాళ్లు వదిలిన వీడియో. సినిమాలోని బండికి ఒక చక్రం ఎలా తయారు చేశారన్నదే అందులో విషయం. హీరో లేడు. చక్రం ఒక్కటే. ఒక వస్తువును పట్టుకుని దాని చుట్టూ సినిమా లోకాన్ని చెప్పడం డబ్బుతో కాదు, బుర్రతో చేసే పని.

రెండో మెట్టు: మీ సినిమా అక్కడికి పనికొస్తుందా?

కుటుంబ కథ, ప్రేమకథ అయితే వద్దు. బాగా తీసినా అక్కడ కుదరదు. ఆ డబ్బుతో ఊళ్లో ఆటోకు మైకు కట్టించడం మేలు. జానపదం, దెయ్యం, సైన్స్ ఫిక్షన్, పురాణం, వింత జంతువు, యానిమేషన్ ఉంటే వెళ్లండి. మన ప్రాంతంలో ఇలాంటి సరుకు దండిగా ఉంది. సిరొంచ పక్కన వడధం దగ్గర ఫాసిల్ పార్క్ ఉంది, ఆ నేలలో డైనోసార్ల కాలం నాటి శిలాజాలు దొరికాయి. అక్కడి కుర్రాళ్లు ఎవరైనా ఇంకా రాక్షసబల్లి సినిమా తీయకపోతే అది వాళ్ల బద్ధకమే.

మూడో మెట్టు: సినిమాలోంచి ఒక్క వస్తువు తీయండి

ఒక్కటే. మూడు పోస్టర్లు, రెండు స్టాండీలు, కీచైన్లు, కప్పులు అని పోతే చూసినవాడికి ఏదీ గుర్తుండదు. మన సినిమాలో ఆ వస్తువు చారలు. పోస్టర్ మీద, టీషర్టు మీద, టేబుల్ గుడ్డ మీద పసుపు మీద నలుపు చారలే. హీరో ముఖం కూడా అక్కర్లేదు. కొత్త నటుడి ముఖం ఆ హాల్లో ఎవరినీ ఆపదు, చారలు ఆపుతాయి.

దాని తర్వాత చేతికిచ్చే వస్తువు కావాలి. నా ఓటు ఒకే కాగితంతో చేసే ఎనిమిది పేజీల కామిక్ పుస్తకానికి. దీనికి స్టేప్లర్ పిన్ను కూడా అక్కర్లేదు. చేసే విధానం ఇది.

ఏ3 కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని ఎనిమిది సమాన గళ్లు వచ్చేలా మడతలు వేయండి: పొడవుగా ఒక మడత, వెడల్పుగా సగం, మళ్లీ సగం. విప్పండి. ఇప్పుడు కుడి అంచును ఎడమ అంచు మీదికి తెచ్చి సగానికి మడవండి. మడత ఉన్న వైపు నుంచి మధ్య గీత వెంట ఒక్క గడి దూరం కత్తిరించండి, అంచు దాకా వెళ్లొద్దు. విప్పితే కాగితం నడుమ చీలిక కనబడుతుంది. పొడవుగా మడిచి, రెండు చివర్లు పట్టుకుని లోపలికి నెడితే చీలిక తెరుచుకుని కూడిక గుర్తులా నిలబడుతుంది. దాన్ని ఒక పక్కకు తిప్పి నొక్కితే పుస్తకం. పేజీ 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 ఎత్తు వస్తుంది.

బొమ్మలు వేయించే ముందు తెల్లకాగితంతో ఒకటి మడిచి, పేజీలకు పెన్సిల్‌తో నంబర్లు వేసి, విప్పి చూడండి. ఒక వరుస తలకిందులుగా ఉంటుంది. ఆర్టిస్టుకు ఆ కాగితమే ఇవ్వండి, నోటితో చెబితే గందరగోళమే. ముద్రణ ఒక వైపే కాబట్టి ఊళ్లో జిరాక్స్ షాపులోనే పనైపోతుంది. రంగులు వద్దు. నలుపు తెలుపుతో వేయించి, కవర్ మీద చారల దగ్గర మాత్రం పసుపు స్కెచ్ పెన్‌తో చేత్తో గీతలు గీయండి. ఏ రెండు కాపీలూ ఒకేలా ఉండవు. అలాంటిదాన్ని జనం పారేయరు.

పుస్తకంలో మాటలు పెట్టకండి. దీనికి మన ప్రాంతపు కారణం ఒకటుంది. ఇక్కడ పిల్లలు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు కానీ బడిలో చదివింది ఒడియా, ఇంగ్లిష్. సిరొంచ వైపు మరాఠీ. తెలుగు బోర్డు చదవలేని తెలుగువాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మాటల్లేని కామిక్‌కు ఈ తలనొప్పి లేదు. సినిమా పేరు మాత్రం తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ లిపుల్లో పెట్టండి, తెలుగు పెద్దగా. ఒడియా లిపి ఉంటే హైదరాబాద్‌లో నష్టమని కొందరంటారు. నేను ఒప్పుకోను. ‘ఇదేం లిపి?’ అని అడగడానికి ఆగినవాడు మీ టేబుల్ దగ్గర ఆగినట్టే కదా.

నాలుగో మెట్టు: ఏ కాన్, ఎప్పుడు?

కామిక్ కాన్ ఇండియా 2011లో ఢిల్లీలో మొదలైంది. హైదరాబాద్‌లో 2013 నుంచి జరుగుతోంది, ఈమధ్య మాదాపూర్ వైపు హైటెక్స్ ఎగ్జిబిషన్ హాళ్లలో పెడుతున్నారు. 2025లో కోల్‌కతాకూ వచ్చింది. బరంపురం నుంచి సికింద్రాబాద్ కంటే హౌరా దగ్గర కాబట్టి కోల్‌కతా వెళ్దామనిపిస్తుంది. సినిమా తెలుగుదైతే ముందు హైదరాబాదే. ఒడియాలో డబ్ చేస్తే రెండోది ఆలోచించవచ్చు.

తేదీలు ఏటా మారతాయి, నిర్వాహకుల ప్రకటన చూసుకోండి. ఆరు నెలల ముందే దరఖాస్తు సంగతి కనుక్కోండి. కంపెనీల స్టాల్ జోలికి వెళ్లకండి, అది మన తాహతు కాదు. కామిక్ గీసేవాళ్లకు ఇచ్చే చిన్న టేబుల్ అడగండి. ఇక్కడే మీ ఎనిమిది పేజీల పుస్తకం రెండోసారి అక్కరకొస్తుంది. ‘సినిమా ప్రచారం చేసుకుంటాం’ అంటే కంపెనీ లెక్కలో వేస్తారు. ‘మా కామిక్ ఇది, దీని మీద సినిమా తీశాం’ అంటే మాట వేరేగా ఉంటుంది. అబద్ధం చెప్పమనడం లేదు. ఆ పుస్తకాన్ని అమ్మదగ్గంత బాగా చేయమంటున్నాను.

టేబుల్ దొరకలేదా? టికెట్ కొనుక్కుని వేషంతో వెళ్లండి. చేతిలో పుస్తకాలు పంచడానికి అనుమతి ఉందో లేదో ముందే మెయిల్ పెట్టి అడగండి.

ఐదో మెట్టు: వేషం

కాస్‌ప్లే, అంటే నచ్చిన పాత్ర వేషం కట్టడం, మనకు కొత్తేమీ కాదు. రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రలో బరంపురం వీధుల నిండా వేషాలే. పులివేషం కట్టేవాళ్లకు రంగు ఎలా పూయాలో, చార ఎక్కడ సన్నబడాలో చేతి వాటంగా తెలుసు. మేకప్ మనిషిని హైదరాబాద్‌లో వెతకకండి. ఆ వేషాలు తీర్చేవాళ్లనే ఒకరిని డబ్బిచ్చి వెంట తీసుకెళ్లండి, సినిమా టైటిల్స్‌లో పేరు వేయండి. అమ్మవారి వేషాన్ని మాత్రం ప్రచారానికి వాడకండి. అది మొక్కు. గొడవ అవుతుందని కాదు, బాగుండదు.

యాత్రలో పద్ధతి హాల్లో యథాతథంగా పనికిరాదు. ఒళ్లంతా రంగు పూసుకుని గుంపులో తిరిగితే పక్కవాళ్ల బట్టలకు అంటుతుంది. ముఖానికి, మోచేతుల దాకా నీటి రంగు వేసి పైన పౌడర్ అద్దండి. మిగతా ఒంటికి బిగుతు బనియను, ప్యాంటు మీదే చారలు గీయించండి. తోకను వెల్‌క్రోతో తగిలించండి, జనంలో ఎవరో ఒకరు తొక్కుతారు, అప్పుడు ఊడిపోవాలి, మనిషి పడకూడదు. ముందు రాత్రి మణికట్టు దగ్గర కొంచెం రంగు పూసి దురద వస్తుందేమో చూసుకోండి. లోహపు ఆయుధాలు గేటు దగ్గరే ఆపేస్తారు. డప్పు కొట్టాలంటే నిర్వాహకులను ముందే అడగాలి.

వేషం కట్టినవాడి పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. మంచినీళ్లు ఇవ్వడం, దారి చేయడం, ఫోటో తీయడం, పుస్తకం చేతికివ్వడం అతని పని. పులి మాట్లాడదు. అతనే మాట్లాడాలి.

ఆరో మెట్టు: వీడియో, చట్టం

టేబుల్ మీద టాబ్లెట్ పెట్టి ఒక నిమిషం లోపు వీడియో, శబ్దం లేకుండా అర్థమయ్యేది చూపించండి. ట్రైలర్ కాదు, రంగు పూసే పని. కడిగిన చోట చార మళ్లీ పైకి తేలే ఒక్క షాట్‌తో ఆపేయండి. ‘ఇక్కడివాళ్లకే ప్రత్యేకం’ అనే ఆట స్టూడియోలకే కష్టమైంది. 2015లో శాండియాగోలో చూపించిన ‘సూసైడ్ స్క్వాడ్’ ట్రైలర్ ఫోన్లలో దొంగచాటుగా బయటికి రావడంతో వార్నర్ బ్రదర్స్ రెండు రోజులకు అసలుదాన్నే విడుదల చేయాల్సి వచ్చింది. కాబట్టి హాల్లో చూపించేది బయటికి వస్తుందనే లెక్కతోనే చూపించండి. రహస్యం పుస్తకంలో దాచుకోండి.

1952 సినిమాటోగ్రఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, థియేటర్‌లో వేసే ట్రైలర్‌కూ విడిగా తీసుకోవాలి. స్టేజీ మీద చూపించే ఉద్దేశం ఉంటే నిర్వాహకులు ఏ కాగితాలు అడుగుతారో ముందే కనుక్కోండి. పేరున్న పాటలు టేబుల్ దగ్గర మోగించకండి, దానికి లైసెన్సు కావాలి. ఇతర సినిమాల హీరో బొమ్మ పక్కన మీ పులిని నిలబెట్టి పోస్టర్ వేయడం అసలే వద్దు.

ఏడో మెట్టు: ప్రయాణం

బరంపురం నుంచి ఫలక్‌నుమా, కోణార్క్ రైళ్లు సికింద్రాబాద్ చేరుస్తాయి. రాయగడ నుంచి నాగావళి ఉంది, అది రోజూ నడవదు. విచిత్రం ఏమిటంటే అదే నాగావళి ముందుకు సాగి నాందేడ్ చేరుతుంది, కోణార్క్ సోలాపూర్ మీదుగా ముంబై పోతుంది. రెండు సరిహద్దుల తెలుగువాళ్లు రెండు వైపుల నుంచీ ఎక్కే బళ్లు ఇవి. సిరొంచకు రైలు లేదు, గోదావరి వంతెన దాటి బస్సులో రావాలి.

థిన్నర్, స్పిరిట్ లాంటి మండే సరుకు రైల్లో నిషేధం, హైదరాబాద్‌లో కొనుక్కోండి. స్లీపర్‌లో మనిషికి 40 కిలోల సామాను ఉచితం, పుస్తకాలు తూచి పంచుకోండి. సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఎక్కితే నేరుగా హైటెక్ సిటీ, రాయదుర్గం. అక్కడి నుంచి ఆటో.

ఎనిమిదో మెట్టు: టేబుల్ దగ్గర మాట

చాలామంది ఇలా మొదలుపెడతారు: ‘నమస్తే సర్, మేం ఒడిశా నుంచి వచ్చాం, చిన్న సినిమా, సపోర్ట్ చేయండి.’ వద్దు. సపోర్ట్ అడిగిన చోట మొహమాటంతో తలూపి వెళ్లిపోతారు. ఇలా ఉండాలి:

‘ఏంటి బ్రో, పులా?’

‘పులివేషం. జాతర అయిపోయింది, రంగు పోవట్లేదు.’

‘అదేంటి, ఎందుకు పోదు?’

‘ఇంద, చూడు.’

చేతిలో పుస్తకం పెట్టి నోరు మూసుకోండి. ఎనిమిది పేజీలు తిప్పేదాకా ఆగండి. చివరి పేజీ చూశాక అడిగే ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పండి. పిల్లలతో వచ్చినవాళ్లయితే ముందు పిల్లాడికి ఇవ్వండి, అమ్మానాన్నలు వాడి భుజం మీదుగా చదువుతారు. ఫోటో అడిగితే దిగండి. అడగకుండా మీరు ఎవరినీ తీయకండి, వేషంలో ఉన్న అమ్మాయిలనైతే మరీను.

స్టేజీ మీద పది నిమిషాలు దొరికే అవకాశం ఉంటే, ఏ సమయం అన్నదే అసలు బేరం. శాండియాగోలో 6,500 మంది పట్టే హాల్ హెచ్‌ను ఒక కార్యక్రమానికీ మరో దానికీ మధ్య ఖాళీ చేయించరు. సాయంత్రం పెద్ద సినిమా కోసం వచ్చినవాళ్లు పొద్దుటి నుంచీ కూర్చుని, మధ్యలో ఎవరేం చూపించినా చూస్తారు. ఇక్కడ కాస్‌ప్లే పోటీకి జనం బాగా చేరతారు. దానికి సరిగ్గా ముందున్న సమయం అడగండి. పొద్దున్నే మొదటి స్లాట్ ఇస్తామంటే ఖాళీ కుర్చీలకు చెప్పుకోవడమే. నిర్మాత ప్రసంగం, శాలువాలు వద్దు. ఇది ప్రీ రిలీజ్ ఈవెంట్ కాదు.

తొమ్మిదో మెట్టు: తిరిగొచ్చాక

పుస్తకం వెనక క్యూఆర్ కోడ్ పెట్టి రెండే అడగండి: వాట్సాప్ నంబరు, ఏ ఊళ్లో సినిమా చూస్తారు. ఎంతమంది ఫోటో దిగారన్నది లెక్కలోకి తీసుకోకండి. 2010లో ‘స్కాట్ పిల్‌గ్రిమ్’ అనే సినిమాకు శాండియాగోలో ఊగిపోయారు. కొన్ని వారాలకు విడుదలైతే అమెరికాలో తొలి వారాంతం అయిదో స్థానం. హాల్లో కేకలు వేసిన జనం, బయట టికెట్ కొనే జనం ఒకటే కాదు. ఊరు అడగమన్నది అందుకే. కూకట్‌పల్లి నుంచి ఎక్కువ పేర్లు వస్తే అక్కడ ఒక్క షో గురించి థియేటర్‌వాళ్లతో మాట్లాడటానికి చేతిలో కాగితం ఉంటుంది. బరంపురం, విశాఖ పేర్లు కూడా వస్తాయి, హైదరాబాద్‌లో ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లు తక్కువేం కాదు. పండక్కి ఇంటికొచ్చేటప్పుడు ఊళ్లో షో పెడితే వాళ్లే నలుగురిని తీసుకొస్తారు.

వారం లోపల మొదటి సందేశం పంపండి: వేషంతో వాళ్లు దిగిన ఫోటోలు, అంతే. సినిమా లింకు పెట్టకండి. రెండోది పాట వచ్చినప్పుడు, మూడోది షో తేదీ ఖాయమయ్యాక. మధ్యలో ఆ నంబర్లకు గుడ్ మార్నింగ్ బొమ్మలు మాత్రం పంపకండి.